తలుపు తీసి ఉన్నప్పుడు

2024 మార్చి 16, శనివారం రాత్రి. నార్త్ కరోలినాలో మేముండే కేరీ ఊళ్ళో, మా ఇంటి హాల్లో పదిమందిమి టీవీ ముందు కూర్చున్నాం. టీపాయ్ మీద మిర్చి బజ్జీలు చల్లారిపోతున్నాయి, ఎవరూ ముట్టుకోవడం లేదు. ఏసీసీ టోర్నమెంటు ఫైనల్లో ఎన్‌సీ స్టేట్ జట్టు, మాకు అరగంట దూరంలోని ఇంకో దిగ్గజం యూఎన్‌సీతో ఆడుతోంది. సీజన్ చివర్లో వరసగా ఓడిపోయి, పదో సీడ్‌గా టోర్నమెంటుకొచ్చిన జట్టది. ఐదు రోజుల్లో ఐదు మ్యాచులు గెలిస్తే తప్ప కప్పు రాదు. ఐదోది కూడా 84-76తో గెలిచింది. 1987 తర్వాత వాళ్ళకి ఆ కప్పు రావడం అదే మొదటిసారి.

అరుపులు, కౌగిలింతలు అయ్యాక, ఎన్‌సీ స్టేట్‌లోనే ఎమ్మెస్ చేసిన మా ఫ్రెండ్ ఒకడు సోఫాలో వాలి నవ్వుతూ అన్నాడు: "ఏం మురిసిపోతున్నార్రా, అందరూ అద్దెకొచ్చినోళ్ళే కదా."

నిజమే. లావుగా ఉండి, నాట్యం చేస్తున్నట్టు కదిలే డీజే బర్న్స్ టెనెసీలో మొదలుపెట్టి, విన్‌త్రాప్‌లో ఆడి, ఇక్కడికొచ్చాడు. ముందురోజు సెమీఫైనల్లో చివరి క్షణాన బంతి విసిరి మ్యాచుని ఓవర్‌టైమ్‌కి లాగిన మైకేల్ ఓకానెల్ స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చాడు. ఆ సెమీఫైనల్ వర్జీనియాతో. కేసీ మోర్సెల్ అంతకుముందు ఆడిన కాలేజీ అదే వర్జీనియా. మొహమ్మద్ డియారా మిస్సోరీ నుంచి వచ్చాడు. డీజే హార్న్ రాలీ కుర్రాడే గానీ ఇల్లినాయ్ స్టేట్‌లో రెండేళ్ళు, అరిజోనా స్టేట్‌లో రెండేళ్ళు ఆడి చివరి ఏడాదికి సొంతూరు చేరాడు. వీళ్ళలో ఒక్కడు కూడా ఇంటర్ అయ్యాక నేరుగా ఎన్‌సీ స్టేట్‌లో చేరినవాడు కాదు.

'అద్దెకొచ్చినోళ్ళు' అన్న మాట ఆ రాత్రి నుంచి నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. దానికి బాస్కెట్‌బాల్ ఒక్కటే కారణం కాదు. రెండో కారణం చివర్లో చెప్తాను. ముందు అసలు ప్రశ్న: ఒక చోట మనకి నేర్పిస్తారు, పేరొస్తుంది, నలుగురూ మనల్ని సొంతం చేసుకుంటారు. అంతకంటే మంచి చోటు పిలిస్తే వెళ్ళిపోవడం తప్పా? తప్పైతే, ఎవరి పట్ల?

*

ఐపీఎల్ చూసి పెరిగినవాళ్ళకి ఇందులో గొడవేముందో అర్థం కాకపోవచ్చు. వేలంలో ఎవరు కొంటే వాళ్ళకి ఆడతారు, అంతే కదా. కానీ అమెరికన్ కాలేజీ ఆట వందేళ్ళకి పైగా దీనికి పూర్తిగా ఎదురు కథ చెప్పుకుంటూ వచ్చింది. వీళ్ళు ఉద్యోగులు కారు, విద్యార్థులు. ఆడేది డబ్బుకోసం కాదు, కాలేజీ పేరుకోసం. ప్రతిఫలంగా స్కాలర్‌షిప్పు ఇస్తాం, జీతం ఇవ్వం. ఈ కథని కాపాడే సంస్థ ఎన్‌సీఏఏ. అదే సంస్థ 2010లో మార్చి టోర్నమెంటు ప్రసార హక్కుల్ని 14 ఏళ్ళకి 1,080 కోట్ల డాలర్లకు అమ్మింది. డబ్బు గురించి ఆలోచించకూడనిది ఆడేవాళ్ళు మాత్రమే.

ఆ కథలో ముఖ్యమైన నియమం ఒకటుండేది. బాస్కెట్‌బాల్ ఆటగాడు ఒక కాలేజీ వదిలి ఇంకో పెద్ద కాలేజీకి వెళ్తే, ఒక ఏడాది మ్యాచులు ఆడకూడదు. ప్రాక్టీసు చేయొచ్చు, బెంచి మీద కూర్చుని చప్పట్లు కొట్టొచ్చు. అంతకంటే ఘోరం, 2018 దాకా వేరే కాలేజీతో మాట్లాడాలన్నా ఉన్న కాలేజీ అనుమతి కావాలి. ఎవరితో మాట్లాడొద్దో కోచ్ చెప్పగలిగేవాడు. కోచ్ మాత్రం సోమవారం ఇక్కడ కన్నీళ్ళు పెట్టుకుని, మంగళవారం ఇంకో కాలేజీ రంగు టై కట్టుకుని ఫొటో దిగొచ్చు. ఆయనకి బెంచి శిక్ష లేదు.

2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. పేరు గంభీరంగా ఉంది గానీ, మన భాషలో చెప్పాలంటే అదొక డేటాబేస్. వెళ్తానన్నవాడి పేరు అందులో ఎక్కించాలి, కాలేజీ కాదనడానికి వీల్లేదు. పేరు ఎక్కాక ఏ కోచయినా ఫోన్ చేయొచ్చు. 2021 ఏప్రిల్లో ఒకసారికి బెంచి శిక్ష లేకుండా మారొచ్చన్నారు. అదే జూన్లో, ఆటగాళ్ళ చదువుకి సంబంధించిన ప్రయోజనాలపై పరిమితి పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒకే మాటగా తీర్పిచ్చారు. జులై నుంచి తమ పేరు, ఫొటో వాడుకున్నందుకు డబ్బు తీసుకునే వీలొచ్చింది. దాన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. 2024 ఏప్రిల్లో, కోర్టుల దెబ్బకి, చదువులో వెనకబడకపోతే ఎన్నిసార్లయినా మారొచ్చన్నారు. 2025 జూన్లో ఒక ఫెడరల్ జడ్జి ఆమోదించిన ఒప్పందంతో, ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది తన ఆటగాళ్ళందరికీ కలిపి సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచే రోజులొచ్చాయి.

ఏడేళ్ళలో వందేళ్ళ గోడ కూలింది. ఇప్పుడు ప్రతి వసంతంలో రెండు వేల మందికి పైగా మగ ఆటగాళ్ళు పోర్టల్లో పేరు రాయించుకుంటున్నారు. మొదటి శ్రేణిలో ఉన్నవే 360 పైచిలుకు కాలేజీలు. సగటు చూసుకోండి.

*

ఈ మార్పు మనుషుల్ని ఎలా తిప్పిందో చూడాలంటే 2023 టోర్నమెంటు ఒక్కటి చాలు.

ఆ మార్చి 17న, న్యూజెర్సీకి చెందిన ఫెయిర్‌లీ డికిన్సన్ అనే చిన్న కాలేజీ, పర్డ్యూ అనే కొండని 63-58తో ఓడించింది. పర్డ్యూ ఒకటో సీడ్, ఇది పదహారో సీడ్. పర్డ్యూలో ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ. ఇటువైపు దేశం మొత్తం మీద పొట్టి జట్టు. పాయింట్ గార్డ్ డెమెట్రీ రాబర్ట్స్ ఐదడుగుల ఎనిమిది. ముందు ఏడాది ఆ కాలేజీ గెలిచినవి నాలుగే మ్యాచులు.

చిన్నవాడు పెద్దవాణ్ణి కొట్టిన కథ కాబట్టి లోకమంతా మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. నిష్కల్మషమైన కాలేజీ ఆట అంటే ఇదీ అన్నారు. కానీ ఆ జట్టు ఎలా తయారైంది? కోచ్ టోబిన్ ఆండర్సన్ అంతకుముందు రెండో శ్రేణిలోని సెయింట్ థామస్ అక్వైనాస్ కాలేజీలో పనిచేశాడు. 2022లో మారుతూ అక్కడి ముఖ్యమైన ఆటగాళ్ళని వెంట తెచ్చుకున్నాడు. రాబర్ట్స్ వాళ్ళలో ఒకడు. ఆ రాత్రి 19 పాయింట్లు కొట్టిన షాన్ మూర్ ఇంకొకడు. అంటే మనం నిష్కల్మషం అని ముద్దు పెట్టుకున్న జట్టు కూడా ఇంకో చిన్న కాలేజీని ఖాళీ చేసి కట్టిందే. ఆ కాలేజీ అభిమానులు ఆ రాత్రి టీవీ ముందు ఎలా కూర్చున్నారో ఎవరూ అడగలేదు.

తర్వాత గొలుసు ఇలా సాగింది. ఫెయిర్‌లీ డికిన్సన్‌ని తర్వాతి మ్యాచులో ఫ్లోరిడా అట్లాంటిక్ ఓడించింది. కొద్దిరోజులకే ఆండర్సన్ అయోనా కాలేజీకి వెళ్ళిపోయాడు. అయోనాలో ఖాళీ ఎందుకొచ్చింది? రిక్ పిటీనో సెయింట్ జాన్స్‌కి వెళ్ళాడు కాబట్టి. పిటీనో వెళ్ళాడని వాల్టర్ క్లేటన్ అనే కుర్రాడు అయోనా వదిలి ఫ్లోరిడా చేరాడు. ఫ్లోరిడా అట్లాంటిక్ సెమీఫైనల్ దాకా వెళ్ళింది. అక్కడ శాన్ డియేగో స్టేట్ ఆటగాడు లమాంట్ బట్లర్ చివరి క్షణంలో వేసిన షాట్‌తో 72-71 తేడాలో ఓడింది. మరుసటి ఏడాది దాని కోచ్ డస్టీ మే మిషిగన్‌కి వెళ్ళాడు, పొడగరి గోల్డిన్ ఆయన వెంట నడిచాడు. అలైజా మార్టిన్ మాత్రం ఫ్లోరిడాకి వెళ్ళి క్లేటన్‌తో కలిశాడు. 2025 ఏప్రిల్లో ఆ ఇద్దరూ కలిసి హ్యూస్టన్‌ని 65-63తో ఓడించి కప్పెత్తారు. శాన్ డియేగో బట్లరూ, ఫెయిర్‌లీ డికిన్సన్‌లో ఆ అద్భుతం నాడు ఉన్న ఆన్స్‌లీ ఆల్మనారూ కెంటకీలో ఒకే గదిలో బట్టలు మార్చుకున్నారు. అయోనా వెళ్ళిన ఆండర్సన్‌ని కాలేజీ రెండేళ్ళకే సాగనంపింది.

ఈ గొలుసులో ద్రోహి ఎవరు? నేను కాగితం మీద గీసుకుని మరీ చూశాను. ప్రతివాడికీ కారణం ఉంది. ప్రతివాడి వెనకా ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీని ఇంకొకడి ఖాళీతో పూడుస్తున్నారు. బరువంతా జారి చివరికి అట్టడుగున, మనకి పేరు కూడా తెలియని కాలేజీ మీద పడుతోంది.

*

"ఈకాలం పిల్లలకి నిలకడ లేదు" అనేవాళ్ళకి ఒక పెద్దాయన కథ చెప్పాలి. జాన్ కాలిపారి 2009 నుంచి కెంటకీ కోచ్. 2019లో ఆయనతో పదేళ్ళకి 8.6 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. పత్రికలు దాన్ని 'జీవితకాల ఒప్పందం' అన్నాయి. 2024 మార్చిలో పద్నాలుగో సీడ్ ఓక్లాండ్ చేతిలో కెంటకీ ఓడింది. ఏప్రిల్లో ఆయన ఆర్కన్సాకి వెళ్ళిపోయాడు. జీవితకాలం ఐదేళ్ళకే ముగిసింది.

కెంటకీ కొత్త కోచ్‌గా మార్క్ పోప్‌ని తెచ్చుకుంది. 1996లో కెంటకీకి కప్పు తెచ్చిన జట్టు కెప్టెన్ ఆయన. మా మనిషి ఇంటికొచ్చాడని జనం పొంగిపోయారు. పోప్ చూస్తే జట్టులో స్కాలర్‌షిప్పు ఆటగాడు ఒక్కడూ మిగల్లేదు. డ్రెక్సెల్, డేటన్, వేక్ ఫారెస్ట్, ఒక్లహోమా, తను అప్పటిదాకా ఉన్న బీవైయూ, ఇలా ఒక్కో చోటి నుంచి ఒక్కొక్కణ్ణి తెచ్చి జట్టు కట్టాడు. ఆ జట్టు టోర్నమెంటులో చివరి పదహారింటిలో ఒకటిగా నిలిచింది. కెంటకీ వాళ్ళు ఆ ఏడాది పిల్లల్ని ఎంత ప్రేమించారో చూసినవాళ్ళకి తెలుసు.

అందరూ మర్చిపోయే సంగతి ఇంకొకటుంది. 'మా మనిషి' పోప్ కెంటకీలో పుట్టిన ఆటగాడు కాదు. వాషింగ్టన్ యూనివర్సిటీలో రెండేళ్ళు ఆడి, అక్కణ్ణుంచి ట్రాన్స్‌ఫరై వచ్చినవాడు. పాత నియమం ప్రకారం ఒక ఏడాది కూర్చుని మరీ ఆడాడు. పాతికేళ్ళు గడిస్తే అద్దెకొచ్చినవాడు ఇంటివాడైపోతాడు. కాబట్టి 'మావాడు' అనిపించుకోవడానికి ఎక్కడ మొదలుపెట్టాడన్నది లెక్కకాదు. ఉన్నన్నాళ్ళూ ఎలా ఉన్నాడన్నదే జనం గుర్తుపెట్టుకుంటారు.

కాలేజీలు ఎంత నిలకడగా ఉన్నాయో కూడా చూద్దాం. మా ఎన్‌సీ స్టేట్‌నే తీసుకోండి. ఆ 2024 మార్చిలో జట్టు ఏసీసీ కప్పుతో ఆగలేదు, డ్యూక్‌ని కూడా ఓడించి 1983 తర్వాత తొలిసారి ఫైనల్ ఫోర్‌కి వెళ్ళింది. కోచ్ కెవిన్ కీట్స్ ఊరికి దేవుడయ్యాడు. మరుసటి ఏడాది జట్టు 12 గెలిచి 19 ఓడింది. 2025 మార్చిలో ఆయన్ని తీసేశారు. ఎవరూ దాన్ని కృతఘ్నత అనలేదు. 'బిజినెస్' అన్నారు. అదే పని పంతొమ్మిదేళ్ళ కుర్రాడు చేస్తే నమ్మకద్రోహం అవుతుంది.

*

మరి నిలకడ అనేది ఉత్త మాటేనా? కాదనుకుంటాను. అది ఎప్పుడు పుడుతుందన్నదే నా ప్రశ్న.

మనందరికీ తెలిసిన ఉదాహరణ కర్ణుడు. చిన్నప్పుడు 'దానవీరశూరకర్ణ' చూసినవాళ్ళకి కర్ణుడి స్నేహం అంటే రామారావు గొంతే వినబడుతుంది. రాయబారానికొచ్చి, తిరిగి వెళ్తూ కృష్ణుడు కర్ణుణ్ణి పక్కకి పిలిచి జన్మరహస్యం చెప్తాడు. నువ్వు కౌంతేయుడివి, జ్యేష్ఠుడివి, ఇటు వస్తే రాజ్యం నీదే అంటాడు. అంతకంటే పెద్ద ఆఫర్ మన సాహిత్యంలో ఇంకొకటి లేదు. కర్ణుడు కాదంటాడు. ఆ మాటతోనే అతని స్నేహం స్నేహమైంది. అంతకుముందు దాకా అతనికి వేరే గతి లేదు. సూతపుత్రుణ్ణి దుర్యోధనుడు తప్ప ఎవరు దగ్గరికి తీశారు? గతిలేక ఉండటాన్ని విధేయత అనలేం. తలుపు తెరుచుకున్న రోజునే, ఉండిపోవడం అతని నిర్ణయం అయింది.

పాత నియమాలున్న రోజుల్లో ఒక కాలేజీలో నాలుగేళ్ళు ఆడిన కుర్రాళ్ళని తలుచుకుని అభిమానులు నిట్టూరుస్తుంటారు. వాళ్ళలో ఎంతమంది ఇష్టపడి ఉన్నారు, ఎంతమంది వెళ్ళే దారిలేక ఉన్నారు అన్నది ఇప్పుడు చెప్పడం ఎవరి వల్లా కాదు. తాళం వేసిన ఇంట్లో ఎవరు ఎవర్ని ప్రేమిస్తున్నారో బయటికి ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు తెలుస్తుంది. పర్డ్యూని వదలని జాక్ ఈడీనే తీసుకోండి. పదహారో సీడ్ చేతిలో ఓడి దేశమంతా నవ్వుకున్న తర్వాత అతను ఎక్కడికైనా వెళ్ళొచ్చు. ఆ ఏడాది దేశంలో అత్యుత్తమ ఆటగాడతను. మన తెలుగు పిల్లలకి బాగా అర్థమయ్యే ఇబ్బంది ఒకటి అతనికుంది. ఈడీది కెనడా, చదివేది ఎఫ్-1 వీసా మీద. సహచరులు ప్రకటనల్లో నటించి సంపాదించుకుంటుంటే, వీసా నియమాల వల్ల అతనికి అమెరికాలో ఆ పనులు చేసే వీల్లేదు. తన బొమ్మతో ఊరంతా వ్యాపారం జరుగుతుంటే పక్కన నిలబడాలి. క్యాంపస్‌లో వారానికి 20 గంటల లెక్క చూసుకుంటూ గిన్నెలు కడిగిన మనవాళ్ళకి ఇంతకంటే వివరించక్కర్లేదు. అయినా తిరిగొచ్చాడు. 2024 ఫైనల్ ఫోర్‌లో మా అద్దె కుర్రాళ్ళ మీద 63-50తో గెలిచిందీ అతని జట్టే.

ఇక్కడ నీతికథ ముగించేయొచ్చు. ఉండిపోయినవాడు గెలిచాడు, తిరిగినవాళ్ళు ఓడారు. కానీ రెండ్రోజుల తర్వాత ఫైనల్లో పర్డ్యూ 75-60తో కనెటికట్ చేతిలో ఓడింది. ఆ మ్యాచు వీరుడు ట్రిస్టన్ న్యూటన్ మా రాష్ట్రంలోని ఈస్ట్ కరోలినా నుంచే కనెటికట్‌కి వెళ్ళినవాడు. ఆ పర్డ్యూ జట్టులో కూడా లాన్స్ జోన్స్ సదరన్ ఇల్లినాయ్ నుంచి వచ్చాడు. స్కోరుబోర్డు చూసి నీతి చెప్పేవాళ్ళని నమ్మకండి.

*

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒక సంస్థ చెడిపోతున్నప్పుడు అందులోని మనిషికి రెండు దారులుంటాయంటాడు. ఒకటి వెళ్ళిపోవడం, రెండోది నోరు విప్పడం. విధేయత అనేది ఈ రెంటి మధ్యా పనిచేస్తుంది. అది మనిషి కాళ్ళకి కాస్త అడ్డుపడి, "వెళ్ళేముందు ఒకసారి చెప్పి చూడు" అంటుంది. నోరు విప్పితే వినేవాళ్ళుండాలి, వినకపోతే వెళ్ళే దారుండాలి. అప్పుడే దానికి విలువ.

ఈ లెక్కన చూస్తే కాలేజీ ఆటలో జరిగిందేమిటో నాకు తేటపడింది. వందేళ్ళు ఆ పిల్లలకి రెండు దారులూ మూసేశారు. తర్వాత కోర్టులు ఒక తలుపు తెరిచాయి, వెళ్ళిపోయే తలుపు. రెండోది ఇంకా మూసే ఉంది. డార్ట్‌మత్ కాలేజీ బాస్కెట్‌బాల్ కుర్రాళ్ళు 2024 మార్చిలో 13-2 ఓట్లతో యూనియన్ పెట్టుకున్నారు. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్పులే లేవు, కోట్ల ఆఫర్లూ లేవు. మాతో కూర్చుని మాట్లాడండి అన్నారు, అంతే. కాలేజీ కూర్చోలేదు. ఆ డిసెంబరు చివర్లో పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. మాట్లాడతామన్నవాళ్ళకి కుర్చీ వెయ్యని వ్యవస్థ, అందరూ లేచి పోతున్నారని ఏడవడం అన్యాయం.

మన సామెతలు కూడా ఈ అన్యాయం చేస్తాయి. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అంటాం. విభీషణుడు అనగానే అన్నని వదిలి అవతలి పక్షంలో చేరినవాడని గుర్తు. కానీ రామాయణంలో అతను ముందు సభలో నిలబడి మాట్లాడాడు. సీతని తిరిగి ఇచ్చెయ్యమని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. రావణుడు నిండు సభలో అవమానించాకే వెళ్ళాడు. సామెత ఆ మొదటి సగాన్ని మింగేసి, రెండో సగాన్ని మాత్రం మనకి నేర్పింది. వెళ్ళిపోయిన ప్రతివాడి కథలోనూ మనకి గుర్తుండేది గుమ్మం దాటిన క్షణమే. అంతకుముందు వాడేమన్నాడో ఎవరికి గుర్తుంటుంది?

అయితే నేను పోర్టల్‌కి హారతి పట్టడం లేదు. నష్టం నిజంగా ఉంది. ఇంటర్ తర్వాత ఎవరూ పట్టించుకోని కుర్రాణ్ణి చిన్న కాలేజీ కోచ్ వెతికి పట్టుకుని, రెండేళ్ళు షాట్ సరిచేసి, తిండి అలవాటు మార్చి తయారుచేస్తాడు. తయారయ్యాడనగానే పెద్ద కాలేజీ ఎత్తుకుపోతుంది. ఫుట్‌బాల్ క్లబ్బుల్లో అయితే పెంచిన చిన్న క్లబ్బుకి ఎంతో కొంత ముడుతుంది. ఇక్కడ ఆ లెక్క లేదు. ఇంకో వైపు, పోర్టల్లో పేరు రాయించుకున్న అందరికీ చోటు దొరకదు. పేరు ఎక్కగానే ఉన్న కాలేజీ స్కాలర్‌షిప్పు ఆపేయొచ్చు. క్లేటన్ కథ మనకి వినబడుతుంది, ఉన్నదీ పోగొట్టుకున్నవాడి కథ వినబడదు. ఇవి చక్కదిద్దాల్సిన లోపాలు. కానీ వీటిని చూపించి మళ్ళీ తాళం వేద్దాం అనడం, నేరం చేసినవాణ్ణి వదిలి పారిపోయినవాణ్ణి కట్టెయ్యడం లాంటిది.

*

ఇప్పుడు రెండో కారణం.

నా టీమ్‌లో ఒక అబ్బాయి ఉండేవాడు. ఎమ్మెస్ అవ్వగానే చేరాడు. గుంటూరు వైపు వాడు. రెండేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించాను. ప్రొడక్షన్ పడిపోయిన రాత్రులు ఫోన్లో ఇద్దరం కలిసి లాగులు వెతికిన సందర్భాలు లెక్కలేదు. ఒక గురువారం మధ్యాహ్నం మెసేజ్ పెట్టాడు: "అన్నా, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" ఆ మాట వినగానే తెలిసిపోయింది.

రెండు వారాల నోటీసు. వేరే కంపెనీ, మంచి జీతం, గ్రీన్ కార్డు ప్రాసెస్ వెంటనే మొదలుపెడతారట. నేను కంగ్రాట్స్ చెప్పాను. ఆ వెంటనే ఆగలేక, "నీకోసం ఇంత చేశాను, ఒక్క మాట ముందు చెప్పి ఉంటే బాగుండేది" అన్నాను. గొంతులో ఉన్నది బాధో కోపమో నాకే తెలియదు.

వాడు కాసేపు ఆగాడు. "చెప్పానన్నా. ఆగస్టులో," అన్నాడు.

కాల్ అయ్యాక క్యాలెండర్ వెనక్కి తిప్పి చూశాను. నిజమే, ఆగస్టులో మీటింగ్ ఉంది. వేరే ప్రాజెక్టులోకి మారతాననీ, గ్రీన్ కార్డు ఫైలింగ్ గురించి పైవాళ్ళని అడగమనీ అడిగాడు. అప్పుడే లేఆఫ్‌లు జరిగి నెలైంది. పదిహేను నిమిషాల కాల్లో నలుగురు పోయారు. "ఇప్పుడు ఇలాంటివి అడిగితే నీ పేరు అనవసరంగా పైకొస్తుంది, కొన్నాళ్ళు ఆగు" అన్నాను. మంచి మాటే చెప్పాననుకున్నాను. తర్వాత మర్చిపోయాను. వాడు మర్చిపోలేదు. వాడి హెచ్-1బీ గడువు కూడా వాణ్ణి మర్చిపోనివ్వదు.

నేనేమైనా తక్కువ తిన్నానా? ఇది నా మూడో ఉద్యోగం. నా వీసా కాగితాల మీద 'ట్రాన్స్‌ఫర్' అన్న మాట రెండుసార్లుంది. వెళ్ళిన ప్రతిసారీ నాకు బలమైన కారణాలున్నాయి. వదిలి వచ్చిన మేనేజర్లు ఏమనుకున్నారో నేనెప్పుడూ ఆలోచించలేదు. వాళ్ళు నాకు కంపెనీలు, నేను మాత్రం నాకు మనిషిని. ఇప్పుడు కుర్చీ మారింది, లెక్క కూడా మారింది. డీజే బర్న్స్ వస్తే సంబరం, ఆ అబ్బాయి వెళ్తే ద్రోహం. మనవైపు వచ్చేవాడు ఎక్కణ్ణుంచో వెళ్ళిపోయినవాడే అన్న చిన్న సంగతి తట్టడానికి నాకు ఇన్ని మార్చి నెలలు పట్టింది.

కాబట్టి మొదట్లో వేసుకున్న ప్రశ్నకి ఇప్పటికి నాకు దొరికిన జవాబు ఇది. వెళ్ళిపోవడం తప్పు కాదు. కాలేజీకైనా కంపెనీకైనా మనం బాకీ ఉన్నది చేసిన పని మేరకే. అవి మనతో బంధుత్వం పెట్టుకోలేదు, పెట్టుకున్నట్టు నటించాయి. కానీ మనుషులకి బాకీ పడతాం. పక్కన కూర్చుని నేర్పినవాడికి, మన మీద నమ్మకంతో తన పని ఆపుకున్నవాడికి ముందుగా ఒక మాట చెప్పాలి, అది మన బాకీ. ఆ మాట వచ్చినప్పుడు వినడం ఉండిపోయేవాడి బాకీ. ఈ రెండోదాని గురించి విధేయత ఉపన్యాసాల్లో ఎవరూ చెప్పరు.

ఆ అబ్బాయి తన బాకీ తీర్చుకునే వెళ్ళాడు. నాదే మిగిలింది. మొన్న ఫోన్ చేసి ఆగస్టు సంగతి ఎత్తుదామనుకున్నాను. కొత్త ఆఫీసు ఎలా ఉంది, చలి ఎలా ఉంది, మీ అమ్మానాన్నల వీసా ఎంతదాకా వచ్చింది అని అడిగి పెట్టేశాను.

ఎన్‌సీ స్టేట్‌కి ఇప్పుడు కొత్త కోచ్, దాదాపు కొత్త జట్టు. మొన్న మా ఫ్రెండ్ పేర్లన్నీ ఒక్కొక్కటే కూడబలుక్కుంటున్నాడు. "ఈ అద్దె పిల్లలు ఎలా ఆడతారో చూద్దాంరా" అన్నాడు, గొంతులో ముద్దుగా. మ్యాచ్ మొదలయ్యాక వాళ్ళలో ఒకడు కింద పడితే, సోఫాలోంచి మొదట లేచింది వాడే.